నాలుగో అబద్ధం

విశాఖపట్నం నుంచి ఆ ఉత్తరం వచ్చేసరికి మురళీమోహన్ సొసైటీ ఆఫీసులో ఉన్నాడు. పి.గన్నవరం దగ్గరి ఆ ఊరి సహకార సంఘానికి ఆరేళ్లుగా అతనే అధ్యక్షుడు. ఎరువుల కోసం వచ్చిన రైతులు నలుగురు ఎదురుగా కూర్చుని ఉన్నారు. కవరు మీద మానసిక వైద్యశాల అని లావుపాటి అక్షరాల్లో అచ్చేసి ఉంది. పోస్టుమాన్ పెద్దిరాజు దాన్ని చదివి, చదవనట్టే బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు. అతను చూపిన ఆ మర్యాదకే మురళీమోహన్‌కి తల కొట్టేసినట్టయింది. కవరు రెండు మడతలు పెట్టి జేబులోకి తోసేసి, యూరియా లారీ సంగతి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో తర్వాత అతనికే గుర్తు లేదు.

ఇంటికి వెళ్లి పెరట్లో నిలబడి చదివాడు. తమ్ముడు జనార్దన్‌కి జబ్బు నెమ్మదించి మూడేళ్లు దాటింది. బయట బతకగలడని డాక్టర్ల బోర్డు తేల్చింది. బాధ్యత తీసుకునే బంధువు ఎవరైనా వచ్చి మాట్లాడితే, అమలాపురం కోర్టుకి రాసి విడుదలకి అనుమతి అడుగుతారు. ఇంతకు ముందు పంపిన రెండు ఉత్తరాలకి మీ నుంచి జవాబు రాలేదని కింద ఇంకో వాక్యం ఉంది. ఆ రెండూ బీరువాలో బట్టల కింద ఉన్నాయి.

భార్య ఉమాదేవి కూడా చదివింది. ఈసారైనా వెళ్లమంది. ఆ ఇంట్లో జనార్దన్ గురించి ఒక్క మాటకి మించి మాట్లాడుకోవడం ఎప్పుడో పోయింది.

జనార్దన్ అన్నకన్నా తొమ్మిదేళ్లు చిన్న. తల్లిదండ్రులు ముందే పోవడంతో మురళీమోహనే పెంచాడు, చదివించాడు. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో, ఇరవై ఆరో ఏట, జనార్దన్‌కి జబ్బు మొదలైంది. తనలో తను నవ్వుకోవడం, ఫోను బట్టలో చుట్టి బావిలో పడెయ్యడం, రాత్రుళ్లు పడుకోకపోవడం. రాజమండ్రిలో డాక్టరుకి చూపించారు. స్కిజోఫ్రీనియా అన్నాడాయన. మాత్రలు మానకుండా వాడితే మామూలుగానే ఉంటాడని చెప్పాడు. చెప్పినట్టే రెండేళ్లు బాగున్నాడు. కాకపోతే ఒళ్లు వచ్చింది, చేతులు సన్నగా వణికేవి, మాట ఒక క్షణం ఆగి వచ్చేది.

అప్పుడు కొత్తపేట నుంచి సంబంధం వచ్చింది. మంచి సంబంధం. జబ్బు సంగతి మురళీమోహన్ వాళ్లకి చెప్పలేదు. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుందేమో, మనిషి మగతగా కనబడతాడేమో అని భయపడ్డాడు. పది రోజులు మాత్రలు ఆపేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఉమాదేవి చేత వాటిని బీరువాలో పెట్టించాడు. జనార్దన్ వంటింట్లోకి వచ్చి తన మాత్రలు ఏవని అడిగాడు. డాక్టరు గారే ఆపమన్నారని మురళీమోహన్ చెప్పాడు. జనార్దన్ నమ్మాడు. అన్న మాట అతను ఎప్పుడూ నమ్మేవాడు.

పెళ్లికూతురి పెదనాన్న పోయి వాళ్లకి మైల వచ్చింది. తర్వాత మూఢం వచ్చింది. పది రోజులు నలభై రోజులయ్యాయి. జనార్దన్ మళ్లీ అడిగాడు, మళ్లీ అదే జవాబు చెప్పాడు. ముప్పై అయిదో రోజునో ఎప్పుడో ఉమాదేవి, "మళ్లీ మొదలెడదామండీ, మనిషి తేడాగా ఉన్నాడు" అంది. వచ్చే వారం వాళ్లు వస్తారు, అయిపోగానే ఇద్దామన్నాడు మురళీమోహన్.

ఆ వారంలోనే కొబ్బరి దింపుకి జాషువా వచ్చాడు. పదిహేనేళ్లుగా వాళ్ల తోటలో చెట్లెక్కి కాయ దింపేది అతనే. చెట్టు దిగి, కత్తి పక్కన పెట్టి, మంచినీళ్లు తాగబోతున్నాడు. ఆ కత్తే తీసి జనార్దన్ అతన్ని నరికాడు. అమలాపురం తీసుకెళ్లేలోపే జాషువా పోయాడు. అతనికి నలభై రెండేళ్లు. భార్య కృపమ్మ, ఇంటర్ చదివే కూతురు సుస్మిత.

కోర్టులో డాక్టర్లు సాక్ష్యం చెప్పారు. చేసినప్పుడు జనార్దన్‌కి తను ఏం చేస్తున్నాడో తెలిసే స్థితి లేదని తేలింది. నేరం లేదని, మనిషిని మాత్రం ఆసుపత్రిలో కాపలాలో ఉంచాలని తీర్పు వచ్చింది. ఆ విచారణలోనే మురళీమోహన్‌ని బోనులో నిలబెట్టి, మందులు సక్రమంగా వాడేవాడా అని అడిగారు. ఎదురు బెంచీ మీద కృపమ్మ కూర్చుని ఉంది. ముందుగా ఏమీ అనుకోలేదు గానీ, ఆమెను చూడగానే అతని నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"వాడే మానేశాడండి. మేం ఎంత చెప్పినా వినలేదు."

అది రికార్డులోకి ఎక్కింది. ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది.

మొదట్లో మూడు సార్లు వెళ్లి చూశాడు. జనార్దన్ ఒక్కోసారి అతన్ని పోల్చుకోలేదు, పోల్చుకున్నప్పుడు అన్నని చూసి భయపడ్డాడు. తర్వాత మురళీమోహన్ వెళ్లడం మానేశాడు. ఎవరైనా అడిగితే తమ్ముడు విశాఖలో ఉన్నాడని చెప్పేవాడు. తెలియని వాళ్లు ఉద్యోగమనుకునేవారు. తెలిసిన వాళ్లు తల దించుకునేవారు.

*

వార్డు ఆసుపత్రిలో ఒక చివర ఉంది. చుట్టూ ఎత్తు గోడ, ఇనుప గ్రిల్లు, దాని ముందు స్టూలు మీద పోలీసు. పేరు, ఊరు, రోగికి ఏమవుతారు అన్నది రిజిస్టరులో రాయాలి. 'అన్న' అని రాయడానికి మురళీమోహన్‌కి చెయ్యి సాగలేదు. పోలీసు, రాయండి సార్ అన్నాక రాశాడు.

సోషల్ వర్కర్ గంగాదేవి అతన్ని లోపలికి తీసుకెళ్లింది. యాభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పొడుగాటి గదిలో ఆరు కుట్టుమిషన్లు ఉన్నాయి. రోగుల చొక్కాలు అక్కడే కుడతారు. మూడో మిషను దగ్గర జనార్దన్ కూర్చుని ఉన్నాడు. తలలో సగం నెరిసిపోయింది. అన్నని చూసి లేచి నిలబడ్డాడు. వదిన ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాడు మురళీమోహన్.

ముందు గంగాదేవి తన గదిలో మురళీమోహన్‌తో విడిగా మాట్లాడింది. మొదటి ఏడాది జాషువా చనిపోయాడంటే జనార్దన్ నమ్మలేదని చెప్పింది. రెండో ఏడాది మందు పట్టాక నమ్మాడు. నమ్మాక పదకొండు రోజులు అన్నం ముట్టలేదు. కాపలా మనిషిని పక్కనే పెట్టుకుని కాచుకోవలసి వచ్చింది.

"మందు పనిచేస్తున్న కొద్దీ సిగ్గు వస్తుందండీ. మిగతా జబ్బుల్లో మనిషి తేరుకుంటే సంతోషిస్తాడు. ఇక్కడ తేరుకున్న రోజు నుంచే ఏడుపు మొదలు" అంది గంగాదేవి.

మందు ఒక్కటే సరిపోదని, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మనిషి తనంతట తను చెప్పగలగాలని, మళ్లీ జబ్బు తిరగబెడితే ముందుగానే పోల్చుకోగలగాలని వివరించింది. అందుకోసం ప్రతి ఒక్కరి చేతా ఒక నోటుపుస్తకం రాయిస్తారు. జనార్దన్ పుస్తకం ఆమె బల్ల మీదే ఉంది. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు కూడా దాన్ని చూడాలని చెప్పి, జనార్దన్‌ని పిలిపించి, అతని అనుమతి అడిగి, ఒక పేజీ తీసింది.

'నా బుర్ర నాకు చెప్పిన అబద్ధాలు' అని పైన రాసి ఉంది. లెక్కల మాస్టారి గుండ్రటి చేతిరాత.

ఒకటి, ఫోను నా మాటలు వింటోంది. రెండు, కొబ్బరి చెట్ల మొవ్వుల్లో కూర్చుని నన్ను కనిపెడుతున్నారు. మూడు, జాషువా వాళ్ల మనిషి. నాలుగు, అన్నయ్య నా మాత్రలు దాచేశాడు.

నాలుగింటి మీదా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అడ్డగీతలు ఉన్నాయి.

"ఈ నాలుగోది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలండీ. రేపు ఇంట్లో ఎప్పుడైనా అన్నయ్య మాత్రలు దాస్తున్నాడు అన్నాడంటే, జబ్బు తిరగబెడుతోందని అర్థం. వెంటనే మాకు ఫోన్ చెయ్యాలి."

మురళీమోహన్ ఆ గీత వంకే చూస్తున్నాడు.

"ఆయ్" అన్నాడు.

జనార్దన్ బల్లకి అవతల వైపు కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహమాటంగా నవ్వాడు.

"దానికి మటుకు నన్ను క్షమించు అన్నయ్యా. నిన్ను కూడా అనుమానించేను."

గంగాదేవి పేజీ తిప్పింది. మురళీమోహన్‌కి ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ వినబడలేదు. అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. గదిలో ముగ్గురే ఉన్నారు, తలుపు వేసి ఉంది. ఆమె చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు.

బయలుదేరేటప్పుడు జనార్దన్ గ్రిల్లు దాకా వచ్చాడు. ఊళ్లోకి రావడానికి మొహం చెల్లడం లేదన్నాడు. కృపమ్మ గారు రోజూ నడిచే దారిలో తను ఎలా నడుస్తాడని అడిగాడు. తర్వాత చొక్కా జేబులోంచి మడత కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. అది కృపమ్మకి రాసిన ఉత్తరం. డాక్టరు గారు చదివి పంపవచ్చన్నారు, ఆమె తీసుకుంటానంటేనే ఇమ్మన్నాడు.

బస్సు రావులపాలెం చేరేదాకా మురళీమోహన్ దాన్ని విప్పలేదు. అక్కడ గన్నవరం బస్సు కోసం కూర్చుని విప్పాడు.

'కృపమ్మ గారికి నమస్కారం. నేను జనార్దన్‌ని. క్షమించమని అడగడానికి రాయడం లేదు. అడిగే మొహం నాకు లేదు. నా మందులు నేనే మానేశాను. అప్పుడు ఎందుకు మానేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అందరూ చెప్పినా వినలేదట. వినుంటే జాషువా గారు బతికి ఉండేవారు. ఈ మాట మీకు నేనే చెప్పాలని రాస్తున్నాను.'

*

ఉత్తరం మూడు వారాలు మురళీమోహన్ దగ్గరే ఉండిపోయింది. ఇవ్వకుండా చింపేస్తే తమ్ముడు అడుగుతాడు. ఇస్తే తన అబద్ధాన్ని తమ్ముడి చేతిరాతతో తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టినట్టవుతుంది. అన్నం సయించడం లేదు. ఒక రోజు ఉమాదేవి ఉతకడానికి చొక్కా తీస్తూ కాగితం చూసింది. చదివి గుమ్మంలోనే కూలబడింది.

"తనే మానేసేనని రాసుకున్నాడండీ. మనమేనా రాయించింది?"

మురళీమోహన్ కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని మడిచాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం కృపమ్మ వాళ్ల పేటలోకి వెళ్లాడు. ఎనిమిదేళ్లలో ఆ వీధిలోకి అడుగు పెట్టడం అదే మొదలు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు మాటలు ఆపి చూశారు. కృపమ్మ అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తోంది. సుస్మిత డీఎస్సీ రాసి రాజోలు దగ్గర స్కూల్లో టీచరైంది. ఇద్దరూ చర్చి నుంచి వచ్చి భోజనం చేసి ఉన్నట్టున్నారు. సుస్మిత అతన్ని చూసి లోపలికి పోలేదు, రమ్మనలేదు. కృపమ్మ కుర్చీ చూపించింది. జాషువా బతికుండగా ఆమె మురళీమోహన్‌ని బాబుగారూ అనేది, అతను ఆమెని నువ్వు అనేవాడు.

"చెప్పండి మురళీమోహన్ గారూ" అంది.

అతను ఉత్తరం ఎవరిదో చెప్పి, తీసుకుంటారా అని అడిగాడు. కృపమ్మ కూతురి వంక చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఉన్నమాట రాసేడు" అంది.

"కాదండీ" అన్నాడు మురళీమోహన్. "అది నిజం కాదండీ. వాడు మానలేదు. పెళ్లిచూపులని నేనే ఆపించేను. మాత్రలు దాచి, డాక్టరు గారు ఆపమన్నారని వాడికి అబద్ధం చెప్పేను. కోర్టులో మీ ముందు చెప్పింది కూడా అబద్ధమేనండీ."

అన్నీ చెప్పాడు. నలభై రోజులూ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల వంకే చూశాడు. చెప్పడం అయ్యాక ఆమె తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని ఎదురుచూశాడు. వీధిలోకి తరిమేసినా బాగుండుననిపించింది.

కృపమ్మ కళ్లజోడు తీసింది.

"ఈ సంగతి ఆ అబ్బాయికి తెలుసా?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెప్పేరు?"

కృపమ్మ ఒళ్లోని ఉత్తరం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఎనిమిదేళ్లు నేను ప్రార్థనలో ఆ అబ్బాయి పేరు పలకలేకపోయేనండీ. గుళ్లో అందరి కోసం మోకరించేదాన్ని, ఆ పేరు దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుపోయేది. మాత్ర మింగడానికి బద్ధకించి నా మనిషిని చంపేసేడనుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "మీరిప్పుడు ఇది నా దగ్గర దించేసి, ఇంటికెళ్లి అన్నం తిందామని వచ్చేరా?"

సుస్మిత అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"కోర్టులో చెప్పింది కోర్టులో దిద్దుకోండి. మా ఇంట్లో కాదు" అంది.

ఉత్తరం మాత్రం కృపమ్మ తిరిగి ఇచ్చేసింది. నిజం తెలిశాక ఆ అబ్బాయి మళ్లీ రాస్తే అప్పుడు చూస్తానంది. మురళీమోహన్ లేచి నమస్కారం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు. వీధి చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. పదిహేనేళ్లు తన తోటలో పనిచేసిన మనిషి ఇల్లు అతను లోపలినుంచి చూడటం ఇదే మొదటిసారి. ఆ సంగతి కూడా ఇప్పుడే తట్టింది.

*

మర్నాడే విశాఖ వెళ్లాడు. ఈసారి డాక్టరు నారాయణమూర్తి కూడా ఉండాలని కోరాడు. గంగాదేవి, డాక్టరు, జనార్దన్ కూర్చున్నారు. మురళీమోహన్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పుస్తకంలో నాలుగోది అబద్ధం కాదన్నాడు. ఎలా, ఎందుకు, ఎన్ని రోజులు, అన్నీ చెప్పాడు.

జనార్దన్ మొహంలో మొదట ఏమీ మారలేదు. చెయ్యి అడ్డంగా పెట్టి అన్న మాట ఆపాడు.

"నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడ్డావు. నీలం గళ్ల లుంగీ. డాక్టరు గారే ఆపమన్నారు, నీకు తగ్గిపోయిందట అన్నావు. అంతేనా?"

"అంతే."

"వదిన పొయ్యి దగ్గర ఉంది. అటు తిరిగి ఉంది."

"అవును."

జనార్దన్ గంగాదేవి వైపు తిరిగాడు.

"ఇది నాకు ఎప్పుడూ గుర్తుందండీ. ఎంత స్పష్టంగా గుర్తుందంటే, జబ్బు కాబట్టే అంత స్పష్టంగా ఉందనుకున్నాను. అన్నయ్య అలా చెయ్యడు కదా అని కొట్టేసేను."

తర్వాత అన్నని చూశాడు. కళ్లలో నీళ్లు లేవు.

"నా బుర్ర నాకు అబద్ధాలే చెబుతుందని ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అందులో నిజం చెప్పిన ముక్క ఒక్కటుంది. దాన్ని కూడా నా చేతే కొట్టించేవు."

లేచి వార్డులోకి వెళ్లిపోయాడు. మురళీమోహన్ మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. జనార్దన్ మళ్లీ రాలేదు. డాక్టరు వచ్చి, ఇవాళ్టికి వెళ్లమని, అతన్ని తాము చూసుకుంటామని చెప్పాడు. జబ్బు తిరగబెడుతుందా అని మురళీమోహన్ భయంగా అడిగాడు. ఇది జబ్బు కాదు, కోపం, రావలసిన కోపమే అన్నాడు డాక్టరు.

అమలాపురంలో వకీలు అతన్ని చాలా వారించాడు. అబద్ధపు సాక్ష్యం చెప్పానని తనంతట తనే రాసిస్తే కేసు పెట్టే వీలుంటుందని, ఎనిమిదేళ్ల నాటి మాటని ఇప్పుడు కదిపితే తమ్ముడి విడుదల కూడా ఆలస్యమవుతుందని చెప్పాడు. తమ్ముడిని అడిగి రమ్మన్నాడు. మురళీమోహన్ గంగాదేవి ద్వారా అడిగించాడు. ఆలస్యమైనా ఫరవాలేదు, రాయమనండి అని జనార్దన్ కబురు పంపాడు. అఫిడవిట్ దాఖలైంది. నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని కోర్టు మురళీమోహన్‌కి నోటీసు ఇచ్చింది. పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు పడ్డాయి.

సొసైటీలో ఎవరూ రాజీనామా చెయ్యమనలేదు. అతను వచ్చేసరికి రైతులు లేచి నిలబడటం కూడా మానలేదు. కాకపోతే ఎదురుగా కూర్చున్నవాళ్లు త్వరగా లేచి వెళ్లిపోయేవారు. కొత్తపేట వాళ్లు, ఆ రోజుల్లో సంబంధం చూసుకున్నవాళ్లు, ఎవరితోనో అన్న మాట ఒకటి అతని చెవిన పడింది. దేవుడే కాపాడేడు మా పిల్లని, అని. దాని తర్వాత వారం అతను రాజీనామా కాగితం ఇచ్చేశాడు. ఇచ్చినందుకు తేలిక పడతాననుకున్నాడు గానీ పడలేదు.

మళ్లీ విడుదల సంగతి వచ్చినప్పుడు జనార్దన్ ఒకే మాట చెప్పాడు. అన్నయ్య పూచీ మీద బయటికి రానన్నాడు. ఊరికి రానన్నాడు. చట్టం బంధువో స్నేహితుడో కావాలంటుంది. అప్పుడు ఉమాదేవి తనే సంతకం పెడతానంది. పెళ్లయ్యాక ఆమె ఒంటరిగా బస్సెక్కి అంత దూరం వెళ్లడం అదే మొదలు. మాత్రలు బీరువాలో పెట్టింది తన చేతులేనని, కోర్టులో భర్త చెబుతుంటే విని ఊరుకున్నానని మరిదికి చెప్పింది. తెలుసన్నాడు జనార్దన్. మళ్లీ మొదలెడదామని ఆమె అనడం పక్కగదిలోంచి తనకి వినబడిందట. అది కూడా భ్రమేమోనని ఇన్నాళ్లూ అనుకున్నాడట. ఆమె ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, తర్వాత కాగితాలు ముందుకు జరిపాడు.

కోర్టు ఐదు నెలలకి అనుమతి ఇచ్చింది. కాకినాడ దగ్గర ఒక ట్రస్టు నడిపే ఆశ్రయంలో ఉండాలి, నెలకోసారి డాక్టరుకి చూపించుకోవాలి, ఉమాదేవి పూచీ. అక్కడ పదకొండు మంది ఉంటారు. వంట, తోటపని వంతులవారీగా చేసుకుంటారు. సాయంత్రాలు జనార్దన్ పక్క వీధి పిల్లలకి లెక్కలు చెబుతానన్నాడు. ట్రస్టు వాళ్లు, ముందు ఆ పిల్లల తల్లిదండ్రులకి నీ సంగతి చెప్పి అడగాలన్నారు. అడగమన్నాడు. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు.

కృపమ్మకి అతను మళ్లీ ఉత్తరం రాశాడు, ఈసారి పోస్టులో. అందులో మందుల మాట లేదు. నరికింది నా చెయ్యే, అది ఎవరు ఏం చెప్పినా మారదు అని మాత్రం రాశాడట. జవాబు రాలేదు.

మురళీమోహన్ మీద నోటీసు ఇంకా నడుస్తోంది. నెలనెలా రెండో శనివారం కాకినాడ వెళ్తాడు. మొదటి రెండు నెలలు జనార్దన్ బయటికి రాలేదు. మురళీమోహన్ వరండాలో గంటసేపు కూర్చుని వచ్చేశాడు. మూడో నెల వచ్చాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లు కొంచెం తగ్గింది.

"నాకు ఆ రోజు సగమే గుర్తుంది. జాషువా గారు చెట్టు దిగడం గుర్తుంది, తర్వాత ఎండ గుర్తుంది" అన్నాడు. "నువ్వు తోటలోనే ఉన్నావు, మధ్యలో ఏం జరిగిందో చూశావు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

మురళీమోహన్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ సంగతి అతను పోలీసులకి చెప్పలేదు, కోర్టుకి చెప్పలేదు, కృపమ్మకి కూడా చెప్పలేదు.

"జాషువా నిన్ను చూసి భయపడలేదు. చిన్నబాబుగారూ, మొహం అలా పీక్కుపోయిందేంటండీ, నిద్ర లేదా అన్నాడు. నీళ్ల చెంబు నీకే ఇవ్వబోయేడు. నువ్వు తీసుకోలేదు. అప్పుడు నన్ను కేకేసేడు. బాబుగారూ, చిన్నబాబుగారికి ఒంట్లో బాగున్నట్టు లేదు, ఒకసారి ఇలా రండి అన్నాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నాను. కాయల బేరగాడితో మాట్లాడుతున్నాను. వస్తున్నానుండు అన్నాను. రెండో సారి కూడా పిలిచేడు. అప్పుడూ లేవలేదు."

జనార్దన్ అన్నని తేరిపార చూశాడు. లోపల ఎవరో పళ్లేలు సర్దుతున్నారు.

"ఇంకా" అన్నాడు.

మురళీమోహన్ ఇంకా చెప్పాడు.